రంగు: తెలియదు

బెర్గెన్‌లో ఇవాళ కూడా వాన.
ఈ నేలమాళిగలోకి అది వినిపించదు.
మెట్ల మీద తోర్గెయిర్ బూట్ల చప్పుడును బట్టి
పైన ఊరు ఎంత తడిసిందో లెక్కగట్టుకుంటాను.

సీసా నంబరు నాలుగు వేల నూట ఏడు.
బిరడా చుట్టూ మైనం పగిలి
స్పిరిట్ సగానికి దిగింది.
అడుగున ఏడు గొట్టాలు,
ఒకటి ఖాళీ, ఆరింటిలో ఎవరో ఉన్నారు.

లోపలి చీటీ మీద నల్లసిరా:
హార్డాంగెర్ ఫ్యోర్డు. నూట తొంభై బారలు. మెత్తటి బురద.
ఆగస్టు 1926. పురుగులు.
అంతే.
ఆ రోజు చేపలెక్కువ పడ్డట్టున్నాయి,
వీటికి ఇంతకంటే సిరా మిగల్లేదు.

గొట్టం అంచు పట్టకారుతో పట్టి
సన్న కత్తెరతో నిలువునా కోస్తాను
ఊపిరి బిగబట్టి. నా ఊపిరి.
దానికా అవసరం తీరి చాలా కాలమైంది.

నానిన సేమ్యాలాంటి ఒళ్ళు.
తల మీద ఈకల కుచ్చు,
ఒకప్పుడు నీళ్ళలో విచ్చుకుని
తిండీ గాలీ రెండూ దాంతోనే దూసుకున్నది,
ఇప్పుడు కడగడం మరిచిన కుంచెలా
ఒక పక్కకి అంటుకుపోయింది.

రొమ్ము ఖండాలు ఎనిమిది.
మళ్ళీ లెక్కపెడతాను. ఎనిమిదే.
కొక్కేనికి పెద్ద పన్ను, దాని పైన చిన్న పళ్ళు నాలుగు వరసలు.
దీపం కాస్త జరిపితే ఐదు.
నిన్న నాలుగని రాసినదాన్ని
నిన్నటి నాతో సహా కొట్టేశాను.

మిథైల్ గ్రీన్ ఒక్క చుక్క.
బతికుండగా ఎక్కడెక్కడ చెమర్చేదో
అక్కడక్కడే పచ్చ పట్టుకుంటుంది.
అరగంటలో వెలిసిపోతుంది,
ఆలోగా బొమ్మ వేసుకోవాలి, చుక్కలు చుక్కలుగా,
టీ చల్లారినా సరే.

గొట్టం సంగతి వేరు.
రేణువు రేణువూ ఏరి, తడిమి, తన జిగురుతో అంటించుకుంది.
నల్ల ఇసుక ఒక్క పలుకూ లేదు.
ఆ ఫ్యోర్డు అడుగున నల్లదే ఎక్కువ.
ఎందుకు వద్దనుకుందో రాయడానికి
మా పద్ధతిలో గడి లేదు.
"గొట్టం: లేతరంగు రేణువులతో" అనొచ్చు.
ఇష్టం అనకూడదు.

ఇక రంగు, బతికున్నప్పటిది.
స్పిరిట్ ముందు మింగేది దాన్నే.
మూడో రోజుకి ఎరుపు పోతుంది, వారానికి గోధుమ,
ఆ తరవాత అందరూ పాత దంతం రంగే.
సీసాలో ద్రవం మాత్రం పలచటి టీలా ఉండేది.
రంగంతా అందులోనే ఉండాలి,
ఎవరిదెంతో చెప్పలేనట్టు కలిసిపోయి.
గురువారం తోర్గెయిర్ దాన్ని పారబోసి కొత్తది పోశాడు.
నియమం అది. తప్పు పట్టడానికి లేదు.

నిన్న సాయంత్రం పాత కాగితాల గదినుంచి
ఓషిల్డ్ ఒక పుస్తకం తెచ్చింది.
ఆ పడవ మీద వంటవాడు ఓద్‌మున్ లెక్కలు.
కాఫీ. ఉల్లిపాయలు. బంగాళాదుంపలు మూడు బస్తాలు,
ఒకటి కుళ్ళింది.
అంచున పెన్సిల్‌తో, వంకరగా:
"ఇవాళ బురదలోంచి కుచ్చుటోపీల పురుగులు.
ఎరుపు, కొసన తెలుపు.
మా బోర్గ్‌హిల్ అల్లిన చేతితొడుగుల్లాగే.
ప్రొఫెసరు గారు సీసాలో వేశారు.
రంగు పోయేదాకా కూచుని చూశాను, పులుసు మాడింది."

ఆ పుటని ఓషిల్డ్ రెండుసార్లు చదివి వినిపించింది.
రెండోసారి నేనే అడిగాను.

కానీ ఆ ఆగస్టులో వల దించింది మూడుసార్లు.
చీటీ మీద తేదీ లేదు, లెక్కల్లో సీసా నంబరు లేదు.
నూటికి తొంభై పాళ్ళు ఇవే.
మిగతా పది పాళ్ళ కోసం
"రంగు: తెలియదు" అని టైపు చేశాను.
వేళ్ళు కాసేపు మీటల మీదే ఉండిపోయాయి.

పేరు మాత్రం నా ఇష్టం.
ఇక్కడ ఆ మాట అనొచ్చు.
తొంభై ఎనిమిదేళ్ళు ఆలస్యమైన బారసాల,
పిలవడానికి ఓద్‌మున్ తాలూకు ఎవరూ దొరకలేదు.

చేతితొడుగుకి లాటిన్‌లో ఏమంటారని
తోర్గెయిర్‌ని అడిగాను.
"చేతుల్లేని దానికా?" అన్నాడు,
గరాటులోకి స్పిరిట్ వంచుతూ.